పోగు పోతే పైసలూ పోయినట్టే!

బర్రెకు ఆధారేంటని నవ్వుకునేవాళ్లు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో ఇంకా కనిపిస్తారు. కొమ్ము వంపు, నుదుటి చుక్క, సుడి చూసి మందలో తన పశువును పట్టేసే రైతుకు పన్నెండంకెల నంబరుతో పనేంటి? పనుంది. సుడి చూపిస్తే బీమా కంపెనీ పైసలివ్వదు మరి!

గాలికుంటు, బ్రూసెల్లోసిస్ వ్యాధులను అదుపు చేసేందుకు కేంద్రం 2019 సెప్టెంబరులో దేశవ్యాప్త టీకాల కార్యక్రమం మొదలుపెట్టింది. టీకా వేసే పశువు చెవికి పసుపుపచ్చ పోగు ఉండాలన్నది అందులో నిబంధన. ఆ పోగులో చిప్పేమీ ఉండదు, నంబరూ బార్‌కోడే. యజమాని ఎవరు, ఏ టీకా ఎప్పుడు వేశారు లాంటి వివరాలన్నీ ‘భారత్ పశుధన్’ అనే కంప్యూటర్ ఖాతాలోకి ఎక్కుతాయి. ఆస్ట్రేలియా ఇంకో అడుగు ముందుకేసి, 2025 జనవరి నుంచి పుట్టే గొర్రెపిల్లలకు, పెంపుడు మేకపిల్లలకు ఎలక్ట్రానిక్ పోగునే తప్పనిసరి చేసింది.

మన రైతుల భయాలు వేరు. పాలు తగ్గుతాయని ఒకరు, చెవి కుళ్లుతుందని ఇంకొకరు. రెండో భయం వట్టిది కాదు. వానాకాలంలో అజాగ్రత్తగా వేస్తే గాయం మీద ఈగలు వాలి పురుగులు పడతాయి. పశువును కదలకుండా పట్టుకుని, చెవిని శుభ్రం చేసి, రక్తనాళాలను తప్పించి మధ్యలో గుచ్చాలి. పుండు మానేదాకా రోజూ చూసుకోవాలి.

పోగు వేయించడంతో పని అయిపోదు. సంతలో బర్రెను అమ్మితే ఖాతాలో పేరు మారాలి. లేదంటే పశువు ఒకచోట, లెక్క ఇంకోచోట! వేములవాడ రాజన్నకు మొక్కుగా వచ్చిన కోడెలను ఆలయం రైతులకు ఇస్తుంటుంది. అలాంటి కోడె ఎవరి కొట్టంలో ఉందో తెలియాలన్నా నంబరూ, దాని పక్కన సరైన పేరూ ఉండాల్సిందే.

బీమాలో ‘పోగు లేకపోతే క్లెయిమ్ లేదు’ అన్నది పాత నియమం. ముళ్లకంపకో కట్టుతాడుకో తగులుకుని పోగు ఊడితే చాలామంది పట్టించుకోరు. పశువు చచ్చిపోయాక దవాఖానాకు పరుగెత్తితే లాభం ఉండదు. అందుకే నంబరును నోటుబుక్కులో రాసుకోవాలి, పోగు కనిపించేలా ఫోన్లో ఫొటో తీసి ఉంచుకోవాలి. ఊడిన వెంటనే పశువైద్యుడికి చెప్పి కొత్తది వేయించుకుని, ఆ నంబరును బీమా కాగితాల్లోనూ మార్పించుకోవాలి.