భిస్తీ వైపు నుంచి చూస్తే

వలస పాలన కాలాన్ని నేపథ్యంగా తీసుకుని 1930ల నడిమి నుంచి 1970ల నడిమి వరకు హాలీవుడ్‌లోనూ బ్రిటన్‌లోనూ తయారైన సాహస చిత్రాలకు ఒక అసాధారణమైన పట్టు ఉంది. వాటిలోని రాజకీయం తప్పని తెలిసినవారిని కూడా అవి చివరిదాకా కుర్చీలో కూర్చోబెడతాయి. సామ్రాజ్యవాదాన్ని జీవితాంతం ఎదిరించిన మార్క్సిస్టు, జర్మన్ నాటకకర్త బెర్టోల్ట్ బ్రెష్ట్ 1939 నాటి ‘గంగాదీన్’ను చూసి, భారతీయులను అది వక్రంగా చూపుతోందని ఎరిగి ఉండి కూడా, నవ్వించదలచిన చోటల్లా తాను నవ్వాననీ, చప్పట్లు కొట్టాలనిపించిందనీ దాపరికం లేకుండా రాశాడు. బ్రెష్ట్ అంతటివాడికే తప్పని ఈ ఆకర్షణను అజ్ఞానమనో బానిస మనస్తత్వమనో కొట్టిపారేయడం తేలిక గానీ, అది ఎక్కడ పుడుతోందో, దానికి ఎవరు మూల్యం చెల్లిస్తున్నారో విడదీసి చూడటమే విమర్శకుడు చేయవలసిన పని.

ఈ కోవకు చెందిన చిత్రాల కథాచట్రం దాదాపు ఒక్కటే. ఇద్దరో ముగ్గురో స్నేహితులు, వారిని కట్టి ఉంచే ఒక ఒట్టు, పటంలో సరిగ్గా గుర్తించని ఒక ప్రదేశం, అక్కడికి చేరే దారిలో ఒక కనుమ లేదా ఎడారి, చివర ఒక కోటనో గుడో ఉంటాయి. ఆధునిక జీవితంలో ఒక మనిషి తీసుకున్న నిర్ణయం పది కార్యాలయాలు తిరిగి, పది సంతకాలు పడ్డాక గానీ ఫలితమివ్వదు, ఇచ్చినా అది ఎవరి ఫలితమో తేలదు. ఈ చిత్రాల్లో మాత్రం నిర్ణయానికీ ఫలితానికీ నడుమ ఒక అడుగు దూరమే ఉంటుంది, ఆ అడుగు తప్పితే కింద లోయ ఉంటుంది. కంప్యూటర్ గ్రాఫిక్స్ లేని రోజులు కావడంతో లోయ నిజమైన లోయగానే కనిపించేది. జోల్టన్ కోర్డా ‘ది ఫోర్ ఫెదర్స్’ కోసం 1930ల చివర టెక్నికలర్ కెమెరాలను సూడాన్‌కు తీసుకువెళ్లాడు, జాన్ హ్యూస్టన్ ‘ది మ్యాన్ హూ వుడ్ బి కింగ్’ కోసం మొరాకో కొండలెక్కాడు, ‘గంగాదీన్’ దర్శకుడు జార్జ్ స్టీవెన్స్ కాలిఫోర్నియాలోని లోన్ పైన్ వద్ద సియెర్రా నెవాడా పర్వతాలను మన వాయవ్య సరిహద్దుగా నమ్మించాడు.

జె. లీ థాంప్సన్ 1959లో తీసిన ‘నార్త్ వెస్ట్ ఫ్రాంటియర్’లోని వంతెన ఘట్టం ఈ ఆకర్షణ పనిచేసే తీరును స్పష్టంగా చూపుతుంది. కథాకాలం 1905. ఆరేళ్ల రాజకుమారుణ్ణి హంతకుల నుంచి కాపాడి ఒక పాత ఆవిరి ఇంజనుపై తరలిస్తుండగా దారిలో వంతెన ధ్వంసమై కనిపిస్తుంది. ఒక మేర ఆధారం కూలిపోయి, పట్టాలు మాత్రం గాలిలో వేలాడుతుంటాయి. ప్రయాణికులు ఒక్కొక్కరే వాటి మీద అడుగులో అడుగు వేసుకుంటూ దాటుతారు, ఆ తరువాత ఇంజనును అంగుళం అంగుళంగా నడిపిస్తారు. నేపథ్య సంగీతం హడావుడి చేయకుండా, ఎవరు ఎక్కడ నిలుచున్నారో, ఎంత దూరం మిగిలిందో ప్రేక్షకుడికి ప్రతి క్షణం తెలిసేలా తీసిన ఆ ఘట్టంలో బ్రిటిష్ సామ్రాజ్యం పట్ల ప్రేమ గానీ ద్వేషం గానీ ఎవరికీ గుర్తుకు రాదు. ఇంజను డ్రైవరు గుప్తాగా నటించిన ఐ.ఎస్. జోహార్ ఆ యంత్రాన్ని పేరు పెట్టి పిలుస్తూ, బుజ్జగిస్తూ నడుపుతాడు. దొరలు ఆజ్ఞలివ్వగలరే గానీ ఇంజను నడపలేరన్న చిన్న నిజం ఆ పాత్ర వల్ల చిత్రంలో నిలిచిపోయింది.

ఇలాంటి సాహసానికి ఖాళీ నేల కావాలి, ఆ నేల మీద మాత్రం అప్పటికే మనుషులున్నారు. వాళ్లను ఏం చేయాలన్నది ఈ చిత్రాలన్నిటికీ ఎదురైన ప్రశ్న, ఎక్కువ చిత్రాలు వాళ్లను గుంపుగా మార్చి ఆ ప్రశ్నను తప్పించుకున్నాయి. సై ఎండ్‌ఫీల్డ్ 1964లో తీసిన ‘జులూ’ ఈ విషయంలో మిగతావాటి కంటే మర్యాదగల చిత్రమైనా లోపం అందులోనూ ఉంది. 1879 జనవరి 22, 23 తేదీల్లో దక్షిణాఫ్రికాలోని రోర్క్స్ డ్రిఫ్ట్ అనే మిషన్ స్థావరాన్ని సుమారు 150 మంది బ్రిటిష్ సైనికులు మూడు నాలుగు వేల మంది జులూ యోధుల దాడి నుంచి కాపాడుకున్నారు. వారిలో 11 మందికి బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్ దక్కింది. చిత్రం ఆ పోరాటాన్ని గొప్పగా చూపింది గానీ, అదే నెలలో జులూ రాజ్యంపై దండెత్తి వచ్చింది బ్రిటనేనన్న సంగతిని ప్రేక్షకుడి మనసుకు ఎక్కించలేదు. చివరలో జులూ యోధులు శత్రువు పరాక్రమానికి వందనం చేసి వెనుదిరిగే దృశ్యం కల్పితం. చరిత్రలో వారు వెనుదిరిగింది సహాయక దళం సమీపిస్తుండటంతో. అయినా ఈ చిత్రంలో ఒక అపురూపమైన సంగతి ఉంది: రాజు సెట్‌ష్వాయో పాత్రను ఆయన వంశీకుడే, రాజుకు మునిమనుమడైన మంగోసుతు బుతెలేజి ధరించాడు. ఓడిన రాజు వంశానికి తెర మీద దక్కిన ఆ కొద్ది నిమిషాల గంభీరత్వాన్ని ఏ సంభాషణా ఇవ్వలేకపోయేది.

భారతీయ ప్రేక్షకుడి విషయంలో ఈ సమస్య మరింత దగ్గరిది, ఎందుకంటే అతని చూపు నాయకుడి మీద కంటే నాయకుడి వెనుక నీళ్లు మోస్తున్నవాడి మీద పడుతుంది. ‘గంగాదీన్’ కథ రడ్‌యార్డ్ కిప్లింగ్ గేయం ఆధారంగా అల్లినది. గంగాదీన్ ఒక భిస్తీ, అంటే తోలు తిత్తిలో నీళ్లు మోసి సైనికుల దాహం తీర్చే పనివాడు. కేరీ గ్రాంట్, విక్టర్ మెక్‌లాగ్లెన్, డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ జూనియర్ పోషించిన ముగ్గురు సార్జెంట్ల అల్లరి, పోట్లాటలు, చెలిమి చిత్రాన్ని పరుగులెత్తిస్తుండగా, న్యూయార్క్ నటుడు సామ్ జాఫే ఒంటికి నల్లరంగు పూసుకుని ధరించిన గంగాదీన్ సైనికుడు కావాలన్న ఒకే ఒక్క కోరికతో, ఎవరూ చూడనప్పుడు ఒంటరిగా కవాతు సాధన చేస్తుంటాడు. ఆ దృశ్యం హాస్యంగా మొదలవుతుంది. సార్జెంటు అతణ్ణి చూసి, కసరకుండా, నిలబడే తీరు సరిదిద్దుతున్నప్పుడు ఆ వంగిన నడుం నిటారు కావడం చూసినవారికి మాత్రం నవ్వు గొంతులో ఆగుతుంది. చివరకు గాయాలతో బంగారు గోపురం మీదికి పాకి, బాకా ఊది, ఉచ్చులోకి నడిచి వస్తున్న బ్రిటిష్ దళాన్ని హెచ్చరించి అతను ప్రాణం విడుస్తాడు. చనిపోయాక కార్పొరల్ హోదా ఇస్తారు. బతికి ఉండగా తిత్తి, పోయాక యూనిఫారం: సామ్రాజ్యం తన సేవకుడికిచ్చే జీతం ఇంతేనని చిత్రం తెలియకుండానే ఒప్పుకుంది.

ఇదే చిత్రంలో మరో విశేషం ఉంది. బాటసారులను గొంతు నులిమి చంపే దొంగల ముఠాలుగా బ్రిటిష్ అధికారులు వర్ణించిన థగ్గులకు ఇందులో ఒక గురువు ఉంటాడు. ఇటలీలో పుట్టిన ఎడ్వార్డో చన్నెల్లి పోషించిన ఆ ప్రతినాయకుడు, సార్జెంట్లు తమ దేశం కోసం చావగలిగితే తాను తన భారతదేశం కోసం అంతే సులువుగా చావగలనని చెప్పి, పాముల గోతిలోకి తానే దూకుతాడు. చిత్రం మొత్తంలో దేశభక్తిని అంత సూటిగా పలికిన పాత్ర మరొకటి లేదు. ఆ మాటలను ఉన్మాది నోట పెట్టవలసి వచ్చిందంటే, వాటిని మామూలు మనిషి నోట వినే ధైర్యం నాటి నిర్మాతలకు లేకపోయిందని అర్థం.

ఈ చిత్రాలు తమను ఎలా చూపుతున్నాయో నాటి భారతీయులకు తెలియనిది కాదు. రాష్ట్రాల్లో 1937 నుంచి కాంగ్రెస్ మంత్రివర్గాలు ఏర్పడి స్వపరిపాలన గురించి దేశమంతా మాట్లాడుకుంటున్న ఆ రోజుల్లోనే, 1938లో కోర్డా తీసిన ‘ది డ్రమ్’ మీద బొంబాయిలోనూ మద్రాసులోనూ నిరసనలు చెలరేగాయి. మైసూరు ప్రాంతపు మావటి కొడుకు సాబు అందులో సరిహద్దు రాజకుమారుడిగా నటించాడు. అంతకు ఏడాది ముందు ‘ఎలిఫెంట్ బాయ్’తో ప్రపంచమంతటా పేరు తెచ్చుకున్న ఆ పిల్లవాణ్ణి ఇక్కడివారు ఇష్టపడుతూనే, అతణ్ణి నిలబెట్టిన కథను తిరస్కరించారు. ‘గంగాదీన్’ను బాబూరావు పటేల్ సంపాదకత్వంలోని ‘ఫిల్మ్ఇండియా’ పత్రిక తూర్పారబట్టింది. ఆ నిరసనకారులను ఇప్పుడు కొందరు కళ తెలియనివారిగా చిత్రించడం అన్యాయం. తమను తాము పాలించుకోగలమని ప్రపంచానికి చెబుతున్న ప్రజలను అదే ప్రపంచపు సినిమా హాళ్లలో మూర్ఖులుగా, నమ్మకద్రోహులుగా చూపుతుంటే, అడ్డుకోవడం వారి హక్కు, అంతకు మించి వారి అవసరం.

ఈ చట్రాన్ని లోపలి నుంచే ప్రశ్నించిన చిత్రం ఒకటుంది, అది 1975లో జాన్ హ్యూస్టన్ తీసిన ‘ది మ్యాన్ హూ వుడ్ బి కింగ్’. కిప్లింగ్ 1888లో ప్రచురించిన కథను తెరకెక్కించాలని హ్యూస్టన్ రెండు దశాబ్దాలకు పైగా తపించాడు; మొదట అనుకున్న హంఫ్రీ బోగార్ట్ 1957లో, క్లార్క్ గేబుల్ 1960లో మరణించగా, చివరకు షాన్ కానరీ, మైకేల్ కేన్ ఆ పాత్రలకు ప్రాణం పోశారు. సైన్యం నుంచి బయటపడ్డ డ్రావట్, కార్నహన్ అనే ఇద్దరు మోసగాళ్లు, నేటి అఫ్గానిస్తాన్‌లోని నూరిస్తాన్ అయిన నాటి కాఫిరిస్తాన్‌కు వెళ్లి రాజులమవుతామని, అంతవరకు మద్యాన్నీ స్త్రీలనూ ముట్టబోమని, పత్రికా కార్యాలయంలో, చిత్రంలో ఒక పాత్రగా ఉన్న కిప్లింగ్ ఎదుటే ఒప్పందం రాసుకుంటారు. యుద్ధంలో డ్రావట్‌కు తగిలిన బాణం అతని తూటాల పట్టీలో గుచ్చుకుని ఆగిపోవడంతో, రక్తం చిందని అతణ్ణి జనం దేవుడనుకుంటారు. సభ్యులు రహస్య సంకేతాలతో ఒకరినొకరు గుర్తుపట్టే సోదర సంఘమైన ఫ్రీమేసన్రీ పతకం అతని మెడలో ఉండటం, అదే గుర్తు సికందర్ (అలెగ్జాండర్) కాలపు రాతి మీద పూజారులకు కనబడటం అతని దైవత్వాన్ని ఖాయం చేస్తాయి. ఇక్కడి నుంచి హ్యూస్టన్ చేసిన పని అసామాన్యం: దోచుకుపోదామని వచ్చినవాడు తీర్పులు చెబుతూ, వంతెనలు కట్టిస్తూ, నెమ్మదిగా తన అబద్ధాన్ని తానే నమ్మడం మొదలుపెడతాడు. నాగరికత నేర్పడానికి వచ్చామని వలస పాలకులు చెప్పుకున్న మాట ఎలా పుట్టి ఉంటుందో ఇంత స్పష్టంగా చూపిన చిత్రం మరొకటి లేదు. పెళ్లిపీట మీద వధువు భయంతో కొరికితే కారిన రక్తం ఆ అబద్ధాన్ని ఒక్క క్షణంలో బయటపెడుతుంది. ఆ వధువు రొక్సానాగా నటించిన షకీరా కేన్‌కు చిత్రం దాదాపు మాటలే ఇవ్వలేదన్నది క్షమించరాని లోపం.

అయినా ఈ చిత్రాన్ని మిగతావాటి కంటే ఎత్తున నిలబెట్టింది సయీద్ జాఫ్రీ పోషించిన బిల్లీ ఫిష్. కిప్లింగ్ కథలో అతను ఆ ప్రాంతపు పెద్ద. హ్యూస్టన్ అతణ్ణి సర్వే బృందంలో అందరూ చనిపోగా ఒంటరిగా మిగిలిన గూర్ఖా సైనికుడిగా మార్చాడు. అతని అసలు పేరు పలకడం చేతగాని తెల్ల సైనికులు పెట్టిన పేరు బిల్లీ ఫిష్. రాజులిద్దరూ జనంతో మాట్లాడేది అతని నోటితోనే, జనం వారికి చెప్పుకునేది అతని చెవితోనే. ఆ రాజ్యం నిలిచింది ఒక దుబాసీ మీద. అబద్ధం బయటపడ్డాక, జంతువునెక్కి తప్పించుకుపొమ్మని డ్రావట్ చెబితే, తాను కాలిబంట్ల దళం గూర్ఖానే గానీ రౌతును కానని బదులిచ్చి, కుక్రీ దూసి గుంపులోకి ఒంటరిగా నడుస్తాడు. గంగాదీన్ చావులో యజమాని మెప్పు కోసం ఆరాటం ఉంది. బిల్లీ ఫిష్ చావులో ఉన్నది అతని సొంత గౌరవం, అతని దళం గౌరవం. ఈ రెండు మరణాల నడుమ గడిచిన 36 ఏళ్లలోనే సామ్రాజ్యం కూలిపోయింది, ఆ తేడా తెర మీద కనబడుతుంది.

తెలుగు సినిమా ఈ చట్రాన్ని అటునుంచి ఇటు తిప్పింది. కృష్ణ నటించి నిర్మించిన 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’లో బ్రిటిష్ అధికారి రూథర్‌ఫర్డ్ పాత్రను జగ్గయ్య ఎంత హుందాగా పోషించారంటే, శత్రువుకు ఆలోచన, సందేహం, ఒక స్థాయి ఉండటం వల్ల నాయకుడి త్యాగం మరింత ఎదిగింది. రాజమౌళి 2022లో తీసిన ‘ఆర్ఆర్ఆర్’లో స్నేహం, దాచిన ఒట్టు, వంతెన, నిప్పు, నీరు, పాత సాహస చిత్రాల సరుకంతా ఉంది, గవర్నరు భార్యగా నటించిన అలిసన్ డూడీ 1989 నాటి ఇండియానా జోన్స్ చిత్రంలోని కథానాయిక. చరిత్రలో ఎన్నడూ కలవని అల్లూరి, కొమురం భీం తెర మీద చేయి కలపడం ప్రపంచాన్ని ఉర్రూతలూగించింది, అందులో సందేహం లేదు. అయితే గంగాదీన్‌ను కొలిచిన కొలతతోనే దీన్నీ కొలిస్తే, ఇక్కడ అంచుకు నెట్టబడింది భీంకు సాయపడే ఆంగ్ల యువతి జెన్నీ. భీముడికి దారి చూపడం తప్ప ఆమెకంటూ ఒక కోరిక గానీ ఒక తప్పు గానీ కథ ఇవ్వలేదు. పీడితుడు నాయకుడైనంత మాత్రాన పక్క పాత్రలను బొమ్మలుగా ఉంచే అలవాటు పోదు, దాన్ని పట్టుబట్టి వదిలించుకోవాలి.

మన మన్యంలోనే అలాంటి కథ సిద్ధంగా ఉంది. 1922 నుంచి 1924 వరకు సాగిన రంప పోరాటంలో అల్లూరికి కుడి ఎడమ భుజాలుగా నిలిచిన గాం గంటందొర, గాం మల్లుదొర సోదరులను సినిమాలు ఇన్నాళ్లూ నాయకుడి వెనుక విల్లు పట్టిన అనుచరులుగానే చూపాయి. గంటందొర పోరాటంలో ప్రాణాలర్పించారు. మల్లుదొర పట్టుబడి, అండమాన్‌లో శిక్ష అనుభవించి, తిరిగి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు. కొండ మీది పల్లె నుంచి అండమాన్‌కూ, అక్కడి నుంచి ఢిల్లీ పార్లమెంటు భవనానికీ సాగిన ఆ ప్రయాణం ముందు డ్రావట్, కార్నహన్‌ల యాత్ర చిన్నది. వందల కోట్లతో చరిత్రను తెరకెక్కిస్తున్న తెలుగు నిర్మాతలు, రచయితలు మల్లుదొర పేరును టైటిల్‌గా పెట్టి ఒక సినిమా తీయాలి.