ఆ ఏడు పాయింట్ల లెక్క మనది కాదు

లాక్‌డౌన్ ప్రస్తావన తెస్తే చాలు, చదువుకున్నవాళ్ల నోట ఇప్పుడు ఒకే జవాబు వస్తోంది. ఆదేశం ఉన్నా లేకున్నా జనం భయంతో ఇళ్లలోనే కూర్చునేవారట, వ్యాపారాలు ఎలాగూ పడిపోయేవట, కనుక 2020 నాటి నష్టమంతా వైరస్ ఖాతాలో రాసుకోవాలట. టీవీ చర్చల్లో పుట్టిన ఈ వాదన ఇప్పుడు తిరుగులేని సత్యమై కూర్చుంది. పైగా దీనికి షికాగో ముద్ర ఒకటి. ఆ ముద్ర చూపించగానే అవతలివాడు నోరు మూసుకోవాలన్నది వీళ్ల ధీమా.

ఆ ముద్ర సంగతి చూద్దాం. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఆస్టన్ గూల్స్‌బీ, చాడ్ సివర్సన్ 2020లో సెల్‌ఫోన్ల జాడ పట్టుకుని అమెరికాలో ఇరవై రెండున్నర లక్షల దుకాణాల రాకపోకలను లెక్కగట్టారు. పక్కపక్కనే ఉండి, ఒకచోట ఆంక్షలు ఉండి మరోచోట లేని ప్రాంతాలను పోల్చారు. గిరాకీ 60 శాతం పాయింట్లు పడిపోతే అందులో ఆంక్షల వాటా 7 మాత్రమేనని, మిగిలినది జనం తమంతట తాము తగ్గించుకున్నదేనని తేల్చారు. అదే ఏడాది కోపెన్‌హాగెన్ ఆర్థికవేత్తలు బ్యాంకు ఖాతాలు పరిశీలించి, గట్టి ఆంక్షలు లేని స్వీడన్‌లో జనం ఖర్చు 25 శాతం తగ్గిందని, తలుపులు మూసిన డెన్మార్క్‌లో అంతకన్నా 4 పాయింట్లే ఎక్కువ తగ్గిందని చూపించారు. మంచి పరిశోధనలే. వాటితో నాకు పేచీ లేదు. అమెరికా చొక్కా తెచ్చి మన ఒంటికి తొడిగి, కొలత సరిపోయిందని చప్పట్లు కొట్టేవాళ్లతోనే పేచీ అంతా.

స్వచ్ఛందంగా ఇంట్లో కూర్చోవడం అనే పని ఎవరికి చేతనవుతుంది? ఒకటో తారీఖున జీతం ఖాతాలో పడేవాడికి. కొన్నాళ్లు పని లేకపోయినా ప్రభుత్వ భృతి అందేవాడికి. స్వేచ్ఛకు నమూనా అంటూ అందరూ ఎత్తుకునే స్వీడన్‌నే తీసుకోండి. జబ్బుతో సెలవు పెడితే మొదటిరోజు భృతికి కోత పెట్టే నిబంధన అక్కడ ఉండేది. 2020 మార్చిలో ప్రభుత్వం ఆ కోత భారాన్ని తన నెత్తిన వేసుకుంది. జలుబు చేసినవాడు పనికి రాకుండా ఉండటానికి ఖజానా డబ్బు కట్టింది. దాన్ని స్వచ్ఛందం అని పిలవడం సరే, ఆ స్వచ్ఛందానికి బిల్లు కట్టిందెవరో కూడా చెప్పాలి కదా. తమంతట తాము ఇంట్లో ఉండిపోవడం ధనిక దేశాల్లోనే ఎక్కువగా కనిపించిందని, అక్కడివాళ్లకు ఇంటి నుంచి పనిచేసే వీలు, దాచుకున్న సొమ్ము, ప్రభుత్వ సాయం ఉన్నాయని 2020 అక్టోబరులో అంతర్జాతీయ ద్రవ్యనిధి తన నివేదికలో రాసింది. మనవాళ్లు ఈ వాక్యం దాకా చదవరు. ఏడు దగ్గరే పుస్తకం మూసేస్తారు.

పొద్దున్నే లేబర్ అడ్డా మీద నిలబడే మేస్త్రీకి, తోపుడుబండి మీద అరటిపళ్లు అమ్మేవాడికి భయం లేదని కాదు. భయపడే స్తోమత లేదు. భయం మనిషిని బిర్యానీ హోటల్‌కు పోకుండా ఆపుతుంది, సినిమా మానిపిస్తుంది, పెళ్లికి వందమందిని తగ్గిస్తుంది. అంటే కొనేవాడి చెయ్యి వెనక్కి లాగుతుంది, అంతవరకే. రైలును ఆపలేదు. లారీని జిల్లా సరిహద్దులో నిలబెట్టలేదు. ఆ పని ఆదేశానికే సాధ్యం. 2020 మార్చి 24 రాత్రి ఎనిమిది గంటలకు ప్రకటన వచ్చింది, అర్ధరాత్రికి అమల్లోకి వచ్చింది. నూట ముప్పై కోట్లకు పైగా జనానికి నాలుగు గంటల గడువు! అప్పటికి దేశంలో తేలిన కేసులు సుమారు 500. ప్రభుత్వాల కఠినత్వానికి మార్కులు వేసిన ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం మనకు నూటికి నూరు వేసింది. పంట దిగుబడి వచ్చే రోజుల్లోనే గుంటూరు మిర్చి యార్డు మూతపడింది. చేపల వేటకు గుజరాత్ వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు వేలమంది వెరావల్ రేవులో పడవల మీదే నెలరోజులకు పైగా పడి ఉన్నారు. వాళ్లను అక్కడ కట్టేసింది వైరస్ భయమా? భయమే అయితే ఇంటికి చేరేవారు. ఆ ఒక్క ఏప్రిల్ నెలలో పన్నెండు కోట్లమందికి పైగా ఉపాధి కోల్పోయారని ఆర్థిక పరిశోధన సంస్థ సీఎంఐఈ అంచనా వేసింది. అందులో ఎక్కువమంది రోజుకూలీలు, చిల్లర వ్యాపారులు. షికాగో లెక్కలో వీళ్ల వాటా ఎంత?

భయం ఎంత, ఆదేశం ఎంత అన్న ప్రశ్నకు జవాబు కోసం అమెరికా దాకా పోనక్కర్లేదు. మరుసటి ఏడాదే మన ముంగిటికి వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి జూన్ దాకా కరోనాతో పోయినవారు అధికారిక లెక్కలో సుమారు 17 వేలు. 2021లో అవే మూడు నెలల్లో రెండు లక్షలకు పైగా. ఆక్సిజన్ సిలిండర్ కోసం వీధులు తిరిగిన రోజులవి. భయమే ఆర్థిక వ్యవస్థను ముంచేదైతే 2021లో మరింత లోతుకు మునగాలి. జరిగిందేమిటి? 2020లో ఆ మూడు నెలల జీడీపీ అంతకు ముందటేడు కంటే దాదాపు 24 శాతం పడిపోయింది. 2021లో అదే త్రైమాసికం, కరోనాకు ముందున్న 2019తో పోల్చినా, సుమారు 9 శాతమే తక్కువ. ఆ ఏడాది దేశమంతటికీ ఒక్క తాళం వేయలేదు. ఆంధ్రప్రదేశ్ మే 5 నుంచి మధ్యాహ్నం దాకా దుకాణాలు తెరిచి ఉంచి తర్వాత కర్ఫ్యూ పెట్టింది. తెలంగాణ మే 12 నుంచి లాక్‌డౌన్ పెట్టినా పొద్దున నాలుగు గంటలు వదిలింది. సరుకు లారీలు నడిచాయి, పొలం పనులు సాగాయి. రెండోసారికి జనం అలవాటుపడ్డారని, ఫోన్లో అమ్మడం కొనడం నేర్చుకున్నారని అంటారు. నిజమే, కొంత అదీ ఉంది. ఇరవై నాలుగుకూ తొమ్మిదికీ మధ్య దూరమంతా అలవాటు ఖాతాలో వేయాలంటే మాత్రం గుండె ధైర్యం కావాలి.

ప్రాణాలకన్నా డబ్బు ముఖ్యమా అని ఇక్కడ ఒకరు లేస్తారు. ఈ ప్రశ్న అడిగేవాళ్లు ప్రాణాల లెక్కైనా సరిగ్గా వేశారా? 2020 మార్చిలో 500 కేసులున్నప్పుడు సొంతూరికి పోనివ్వని కూలీలను, మే 1న 35 వేల కేసులయ్యాక రైలెక్కించారు. లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు పన్నెండు వందల మందితో బయల్దేరిన తొలి శ్రామిక్ రైలు అదే. జనానికి క్రమశిక్షణ లేదనే మాటకొస్తే, మే మొదటివారంలో మద్యం దుకాణాలు తెరిచినప్పుడు ప్రభుత్వాలకే ఎంత ఉందో చూశాం. ఆంధ్రప్రదేశ్ ధరను రెండురోజుల్లో 75 శాతం పెంచినా క్యూ తగ్గలేదు. ఖజానాకు ఆకలేసేసరికి దూరం పాటించడం అంత ఐచ్ఛికమైపోయింది.

మరి ఏం చేయాల్సింది అంటే, ముందు వారం గడువు, తర్వాత చేతికి డబ్బు, ఆ తర్వాతే తాళం. ఏ జిల్లాలో ఎంత అన్నది వైద్యులు, అధికారులు కూర్చుని తేల్చుకోవాల్సిన పని. డబ్బు మాత్రం డబ్బులా ఉండాలి. జన్‌ధన్ ఖాతాలున్న మహిళలకు నెలకు 500, ఆంధ్రప్రదేశ్‌లో పేద కుటుంబానికి 1000, తెలంగాణలో బియ్యంతోపాటు 1500. ఆ సొమ్ముతో ఏ ఇల్లు ఎన్నాళ్లు స్వచ్ఛందంగా తలుపేసుకుంటుందో లెక్కలు తెలిసినవాళ్లే చెప్పాలి. పని లేని రోజులకూ కూలి ఇవ్వాలని మార్చి 29న కేంద్రం యజమానులకు హుకుం జారీ చేసింది, తాను పైసా కలపలేదు. మే 17 తర్వాత ఆ హుకుమూ లేదు.

అమెరికాలో ఎవరు ఏ దుకాణానికి ఎన్నిసార్లు వెళ్లారో ఫోన్ చూసి చెప్పగలిగారు. సొంతూళ్లకు నడిచిపోతూ దారిలో చనిపోయిన వలస కూలీలు ఎందరని 2020 సెప్టెంబరులో మన లోక్‌సభలో అడిగితే, అలాంటి వివరాలేవీ లేవని కార్మిక శాఖ రాతపూర్వకంగా జవాబిచ్చింది.