మినికాయి దీపము – మన ధర్మము

1947 ఆగస్టు 15వ తేదీన భారతదేశమునకు స్వాతంత్ర్యము వచ్చెనని మన బాలురందరును వల్లింతురు. కాని ఆ దినము గడచి తొమ్మిది సంవత్సరములు కావచ్చువరకు ఈ దేశమునకు చెందిన ఒకానొక ద్వీపమున బ్రిటిషు పతాకము ఎగురుచునే యుండెనని ఆ బాలురకు చెప్పినవారెందరు? ఆ ద్వీపము మినికాయి. ఆ పతాకము నిలిచిన చోటు అచటి దీపస్తంభము. 1956లోగాని యూనియన్ జాక్ అక్కడనుండి దిగలేదు. ఈ యొక్క సంగతిని మనసున పట్టించుకొనుటకైనను చదువుకొన్న భారతీయుడు ఆ స్తంభమును దర్శింపదగును. అయితే ఎట్లు దర్శింపవలెను, దర్శించి యేమి తెలిసికొనవలెను అనునదియే నేటి ప్రశ్న.

మినికాయి లక్షద్వీపములలో దక్షిణపు కొనయందున్నది. ఉత్తరమున తొమ్మిది డిగ్రీల జలమార్గము దానిని తక్కిన ద్వీపములనుండి వేరుచేయుచున్నది. దక్షిణమున ఎనిమిది డిగ్రీల జలమార్గము, దానికావల మాల్దీవులు. ద్వీపము విస్తీర్ణము అయిదు చదరపు కిలోమీటర్లకు లోపు. 2011 జనాభా లెక్కలనాటికి అచటి ప్రజలు 10,447 మంది. వారి భాష మహల్. అది మాల్దీవుల దివేహికి అక్కచెల్లెలు. ఇంత చిన్న నేలపై నూటయేబది అడుగుల ఎత్తుగల స్తంభమును 1885లో ఆంగ్లేయులు ఏల నిలిపిరి? 1869లో సూయజ్ కాలువ తెరవబడినది. ఏడెన్ మీదుగా కొలంబోకు, అచటినుండి తూర్పు దేశములకు పోవు పొగయోడలకు ఈ పగడపు దిబ్బ దారికడ్డముగా నుండెను. దొరగారి సరకు రాతికి తగిలి మునిగిపోరాదు, అందులకీ దీపము.

దీపము పెట్టుట పాపమని మేమనము. దాని వెలుగు ఎందరి ప్రాణములనో కాపాడినది. ఆ ఓడలలో కళాసీలుగా బొగ్గు మసిలో బ్రతుకులీడ్చిన మినికాయివారి ప్రాణములును అందులో చేరియుండును. కాని దానము వేరు, వ్యాపారము వేరు. ఆ కాలమున ఆ ద్వీపములు కన్ననూరు ఆలీరాజావంశమువారివి. పన్ను బకాయిలు పేరుకొన్నవని 1875లో ఇంగ్లీషు ప్రభుత్వము వానిని జప్తుచేసినది. జప్తు పట్టిన భూమిపై దీపస్తంభము లేచినది. దీపము లండనులోని బోర్డ్ ఆఫ్ ట్రేడ్ వారిది, లెక్కలు వారివి, లాభము ఓడల యజమానులది. ద్వీపవాసియొక్క సమ్మతిని అడుగవలెనన్న ఊహయే ఆ వ్యవహారమున లేదు. వాని తలపై దీపము వెలుగుచుండగా వాడు క్రింద చీకటిలో చేపల వల అల్లుకొనుచుండెను. సామ్రాజ్యమన నేమో తెలిపెడి పాఠము ఇంతకంటె సూటియైనది మరియొకటి మాకు కానరాదు.

భారతదేశము స్వతంత్రమైన పిదపను ఆ దీపము విదేశపు లెక్కలలోనే నిలిచిపోవుటకు కారణమిదియే. నేల మనది, దీపము వారిది. న్యాయశాస్త్రము చదివినవారికి ఇది వింత కాదు. ఆస్తి ఒకరిది, అనుభవము మరియొకరిది అగుట కచ్చేరీలలో నిత్యము కనబడునదే. 1956లో పతాకము దిగినది. ఆ యేడే నవంబరు 1వ తేదీన ఆ ద్వీపములు కేంద్రపాలిత ప్రాంతమైనవి. జెండా మారినది. చూపు మారినదా?

ఈ ప్రశ్నను మేము ఊరక వేయుటలేదు. 1927 నాటి దీపస్తంభముల చట్టమును తొలగించి 2021లో పార్లమెంటు క్రొత్త చట్టము చేసినది. ప్రాచీన దీపస్తంభములను వారసత్వ సంపదగా గుర్తించి, విద్యకును, సంస్కృతికిని, యాత్రలకును వినియోగించుటకు అందు చోటు కలదు. 2024 ఫిబ్రవరిలో 75 దీపస్తంభములయందు యాత్రికులకు కల్పించిన వసతులను ప్రధానమంత్రి జాతికి అంకితము చేసిరి. ఇది మెచ్చదగిన పని. చరిత్రను కన్నులార చూచుట జాతికి బలము. కాని ఆ 2021లోనే లక్షద్వీపములకు మరియొక ముసాయిదా వెలువడినది. ఏ ప్రదేశమునైనను అభివృద్ధికై యెంచి, అచటి భూమిని సేకరించుటకు ఒక ప్రాధికార సంస్థకు అందు విశాలాధికారములు కల్పింపబడినవి. ద్వీపవాసులు కఱ్ఱ పట్టలేదు, రాయి విసరలేదు. ఆ సంవత్సరము జూన్ 7వ తేదీన ఇండ్లలో కూర్చుండి పన్నెండు గంటలు ఉపవసించిరి. గాంధీమహాత్ముని ఆయుధమును అరేబియా సముద్రపు నడుమ ఆ కొలదిమంది పట్టుకొనగా, ఉపవాసములతో స్వరాజ్యము సంపాదించిన మనము ఎంతవరకు చెవియొగ్గితిమి?

ఆ కాలముననే మినికాయి, సుహేలి, కద్మత్ ద్వీపములయందు లగూనుల నీటిపై విలాస విడుదులు కట్టు యోచనలు సాగినవి. లగూన్ అనగా పగడపుగోడ లోపలి ప్రశాంతజలము. పట్టణవాసికి అది నీలి అద్దము. మినికాయివానికి అది ధాన్యపు కొట్టు. అతడు చూరచేపను వలతో పట్టడు. గాలపుకఱ్ఱతో ఒక్కొక్కదానినే లాగును. ఆ చేపను పడవచెంతకు రప్పించుటకు ప్రాణముతోనున్న చిరుచేపలను ఎరగా సముద్రమున చల్లవలెను. ఆ చిరుచేపలు దొరకునది లగూనులోని పగడముల చెంత. పగడము చెడిన ఎర లేదు. ఎర లేనిదే చూర లేదు. చూర లేనిదే ఎండబెట్టి అమ్ముకొను మాసు లేదు. 1998, 2010, 2016, 2024 సంవత్సరములలో సముద్రపు వేడికి అచటి పగడములు వెలవెలబోయినవి. రోగిపై మేడ కట్టుట వైద్యమగునా?

ఇక నీరు. అట్టి ద్వీపములో నది లేదు, చెఱువు లేదు. వాననీరు ఇసుకలోనికి ఇంకి, ఉప్పునీటిపై పలుచని పొరగా తేలుచుండును. ఎక్కువ తోడినచో అడుగునుండి ఉప్పు పైకి వచ్చును. అందుచేతనే 2011లో మినికాయియందు సముద్రజలమును మంచినీరుగా మార్చు యంత్రాలయము పెట్టిరి. దాని శక్తి దినమునకు లక్ష లీటర్లు. జనాభాచే భాగించి చూడుడు: తలకు పది లీటర్లయినను రావు. ఒక పట్టణపు అతిథి ఒక్క స్నానమునకు ఒలుకబోయు నీరెంత? ఈ లెక్కకు ఇంజనీరు అక్కరలేదు. బావినుండి నీరు తోడిన ఇల్లాలు చాలును.

"మీరు పురోగతికి అడ్డుపడుచున్నారు, ద్వీపమునకు డబ్బు, యువకులకు పని వలదా?" యని కొందరు మమ్ము గద్దింతురు. వలయును, తప్పక వలయును. అయితే పని యనగా ఎవరి పని? తన సముద్రముపై తాను యజమానియైన జాలరిని పరుల విడుదిలో పళ్లెములు కడుగువానిగా చేయుటయు ఒక పనియే. దానిని పురోగతి యనుటకు మా నోరు రాదు. ద్వీపవాసులే తమ ఇండ్లలో అతిథులను ఉంచుకొని, తమ పడవలలో త్రిప్పి, వచ్చిన సొమ్మును తమయొద్దనే యుంచుకొనుటయు పనియే. దానికి మేము జై కొట్టుదుము. "దేశరక్షణ" యని మరికొందరందురు. సరిహద్దు ద్వీపమునకు మొదటి కావలివాడు అచటి సంతుష్టుడైన పౌరుడు. వానిని నొప్పించి కోట కట్టుట, దూలము నరికి తలుపు చేయించుట వంటిది.

కావున మేము కోరునవి మూడు. లగూనుపై ఏ కట్టడమైనను ద్వీపప్రజల సభలో, వారి భాషలో చదివి వినిపించి, వారి సమ్మతి పొందినపిదపనే తలపెట్టవలెను. ద్వీపములు ఎందరిని భరింపగలవో శాస్త్రీయముగా నిర్ణయించి, ఆ లెక్కను దాటకుండ అనుమతులీయవలెను. ప్రవేశమునకు అనుమతి కావలెనను నిబంధన 1967 నుండి ఉండనే యున్నది. దీపస్తంభపు ప్రవేశ రుసుము ద్వీపపు నీటికిని పగడముల సంరక్షణకును చెందవలెను. స్తంభపు వాకిట 1885 కథయు, 1956 కథయు మహల్ భాషలోను దేశభాషలలోను చెక్కింపవలెను.

ప్రభుత్వమును కోరుటతో మన పని తీరదు. మన పట్టణములలోని పఠనాలయములందు ఈ విషయము చర్చకు రావలెను. యాత్రకు పోదలచిన సోదరులు ద్వీపవాసుల యింట దిగవలెను, వారి నీటిని పొదుపుగా వాడవలెను, పగడముపై కాలుమోపరాదు. మెట్లెక్కి పైనుండి చూచునపుడు దూరపు ఓడలనే కాక, క్రిందనున్న కొబ్బరితోటలను, ఇండ్లను, పడవలను చూడవలెను. ఆంగ్లేయుడు పైనుండి ఓడలను మాత్రమే చూచెను. మనమును అట్లే చూచినచో, 1956లో దిగినది గుడ్డముక్క మాత్రమే యగును. దొరతనము మన కన్నులలో కాపురముండును. పాలించువాని దీపము పాలితుని యింటను వెలిగిననాడు గాని స్వరాజ్యము మినికాయి తీరమునకు చేరినదని మేమొప్పుకొనజాలము.