ముస్తాక్ అలీ ట్రోఫీ: అబుదాబిలో వేలం.. పుణెలో ఓటమి.. హైదరాబాద్‌కు ఫైనల్ ఎలా చేజారింది?

రాయదుర్గం: డిసెంబర్ 16, మంగళవారం. మధ్యాహ్నం నుంచి రాయదుర్గం, హైటెక్ సిటీ ఆఫీసుల్లో ఫోన్లన్నీ అబుదాబి వైపే తిరిగాయి. ఐపీఎల్ మినీ వేలం మరి. ఎవరు ఎన్ని కోట్లు కొట్టారు, సన్‌రైజర్స్ ఎవరిని తీసుకుంది.. ఇదే ముచ్చట. అదే రోజు పుణెలో హైదరాబాద్ జట్టు సయ్యద్ ముస్తాక్ అలీ ట్రోఫీ ఫైనల్ బెర్త్ కోసం హర్యానాతో ఆడింది. 124 పరుగుల తేడాతో ఓడింది. ఆ మ్యాచ్ జరిగిందన్న సంగతి కూడా ఇక్కడ చాలామందికి తెలియదు.

దేశవాళీ టీ20ల్లో హైదరాబాద్ ఇప్పటివరకు టైటిల్ కొట్టలేదు. 2009-10లో ఫైనల్‌కు వెళ్లి మహారాష్ట్ర చేతిలో ఓడింది. 2021లో లీగ్ మ్యాచ్‌లన్నీ గెలిచి సెమీస్‌కు చేరింది. ఆ సీజన్‌లో అత్యధిక పరుగులు తన్మయ్ అగర్వాల్‌వి (334), అత్యధిక వికెట్లు సి.వి. మిలింద్‌వి (18). ఇద్దరూ మనవాళ్లే. అయినా సెమీస్‌లో తమిళనాడు మీద 90 పరుగులకే జట్టంతా కుప్పకూలింది. ఈసారి కథ కూడా దాదాపు అదే దారిలో నడిచింది.

రెండు గెలిచారు.. మూడోది ముంచింది

ఈ సీజన్‌లో ఫార్మాట్ మారింది. క్వార్టర్స్, సెమీస్ తీసేశారు. నాలుగు ఎలైట్ గ్రూపుల నుంచి రెండేసి జట్లు సూపర్ లీగ్‌కు వచ్చాయి. అక్కడ మళ్లీ రెండు గ్రూపులు. ఒక్కో గ్రూపులో టాపర్ నేరుగా ఫైనల్‌కు. అంటే మూడే మ్యాచ్‌లు, పాయింట్లు సమానమైతే రన్‌రేట్.

డిసెంబర్ 12న హైదరాబాద్ డిఫెండింగ్ ఛాంపియన్ ముంబైని చిత్తు చేసింది. సిరాజ్ 17 పరుగులిచ్చి 3 వికెట్లు తీశాడు. ముంబై 131కే ఆలౌట్. తన్మయ్ 75, కుర్రాడు అమన్ రావు 52 నాటౌట్. ఇంకా 49 బంతులు మిగిలుండగానే, ఒక్క వికెట్ నష్టానికి పని అయిపోయింది. తిలక్ వర్మ టీమిండియా డ్యూటీలో ఉన్నాడు, అయినా లోటు కనిపించలేదు. తర్వాత రాజస్థాన్‌పైనా గెలిచారు. చేతిలో 8 పాయింట్లు.

ఇక్కడే అసలు లెక్క ఉంది. ముంబైపై అంత భారీగా గెలిచారు కాబట్టి, చివరి మ్యాచ్‌లో కాస్త తక్కువ తేడాతో ఓడినా రన్‌రేట్‌లో హైదరాబాద్‌కు ఛాన్స్ ఉండేది. కానీ హర్యానా 246 కొట్టింది. హైదరాబాద్ 122కే చాప చుట్టేసింది. హర్యానా, హైదరాబాద్, ముంబై మూడూ 8 పాయింట్లతో సమానం. హర్యానా పైకి పోయింది. మొదటి మ్యాచ్‌లో ముంబై రన్‌రేట్‌ను దెబ్బతీసింది హైదరాబాదే, చివరి మ్యాచ్‌లో తన రన్‌రేట్‌ను చేజేతులా పోగొట్టుకుందీ హైదరాబాదే.

ఫార్మాట్‌ను తిట్టొచ్చు. సెమీస్ ఉంటే రెండో స్థానంలో ఉన్నవాళ్లకూ అవకాశం దక్కేది, నిజమే. కానీ 2021లో సెమీస్ ఉంది కదా, ఏమైంది? లీగ్ అంతా ఆడి, ఒక్క కీలక రోజున బ్యాటింగ్ మొత్తం చేతులెత్తేయడం ఈ జట్టుకు పాత జబ్బు. దానికి మందు వెతకాల్సింది బోర్డు రూల్స్‌లో కాదు.

అదే రోజు రూ.30 లక్షలు

పుణెలో జట్టు ఓడిన రోజే వేలంలో అమన్ రావును రాజస్థాన్ రాయల్స్ కనీస ధర రూ.30 లక్షలకు తీసుకుంది. ముంబై బ్యాటర్ సర్ఫరాజ్ ఖాన్ అదే రోజు రాజస్థాన్‌పై 22 బంతుల్లో 73 బాదాడు, చెన్నై అతడిని రూ.75 లక్షలకు కొనుక్కుంది. ప్రశాంత్ వీర్, కార్తీక్ శర్మ ఒక్కొక్కరు రూ.14.20 కోట్లు పలికారు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. ఈ ట్రోఫీలో తుది జట్టులో ఆడితే మ్యాచ్ ఫీజు రూ.17,500. బెంచ్ మీద కూర్చుంటే అందులో సగం. గ్రూప్ దశలో ఏడు మ్యాచ్‌లూ ఆడినవాడికి వచ్చేది రూ.1,22,500. ఐపీఎల్ కనీస ధర అందుకోవాలంటే ఇలాంటి మ్యాచ్‌లు 170కి పైగా ఆడాలి. అందుకే ఈ టోర్నీలో ఒక్క ఇన్నింగ్స్ జీవితాన్ని మార్చేస్తుంది. 2024లో ఉర్విల్ పటేల్ వేలంలో అమ్ముడుపోలేదు. వేలం ముగిసిన రెండో రోజే 28 బంతుల్లో సెంచరీ కొట్టాడు. చివరికి మరొకరి స్థానంలో చెన్నై పిలిచింది. ఒక్క వారం ముందు కొట్టి ఉంటే? దేశవాళీ ఆటగాడి బతుకు ఈ టైమింగ్ మీదే ఆధారపడి ఉంది.

ఆంధ్రాదీ ఇలాంటి కథే. సూపర్ లీగ్‌లో మధ్యప్రదేశ్‌పై నితీశ్ కుమార్ రెడ్డి హ్యాట్రిక్ తీశాడు. కానీ జట్టు కొట్టింది 112 మాత్రమే. మ్యాచ్ పోయింది.

మెట్రో ఎక్కితే చాలు.. కానీ

విచిత్రం ఏంటంటే, ఈసారి టోర్నీ మన ఊళ్లోనే జరిగింది. మన జట్టు మాత్రం కోల్‌కతాలో ఆడింది. పంజాబ్, బెంగాల్, బరోడా, గుజరాత్ ఉన్న గ్రూప్ హైదరాబాద్‌కు వచ్చింది. నవంబర్ 30న సికింద్రాబాద్ జింఖానా గ్రౌండ్‌లో సన్‌రైజర్స్ ఓపెనర్ అభిషేక్ శర్మ పంజాబ్ తరఫున 52 బంతుల్లో 148 కొట్టాడు. ఎదురుగా బౌలింగ్ చేసినవాళ్లలో షమీ ఉన్నాడు. ఆదివారం కూడా. రాయదుర్గంలో బ్లూ లైన్ ఎక్కి పరేడ్ గ్రౌండ్‌లో దిగితే అయిపోయేది, రైలు కూడా మారక్కర్లేదు.

జనం రారా అంటే వస్తారు. హార్దిక్ పాండ్యా బరోడాకు ఆడుతున్నాడని తెలిసి ఎగబడ్డారు. ఆ తాకిడికి డిసెంబర్ 4న బరోడా, గుజరాత్ మ్యాచ్‌ను జింఖానా నుంచి ఉప్పల్ స్టేడియానికి మార్చాల్సి వచ్చింది. పేరున్న ఒక్కడొస్తే గ్రౌండ్ చాలదు, రాకపోతే స్కోరర్లు, సెలక్టర్లు, ఆటగాళ్ల ఇంటివాళ్లు తప్ప కనిపించరు.

18న జరిగిన ఫైనల్లో జార్ఖండ్ 262 కొట్టి, హర్యానాపై 69 పరుగులతో గెలిచి తొలిసారి ట్రోఫీ ఎత్తింది. సెంచరీ కొట్టిన కెప్టెన్ ఇషాన్ కిషన్ రెండు రోజుల్లోనే టీ20 వరల్డ్ కప్ జట్టులో చోటు కొట్టేశాడు. హైదరాబాద్ కుర్రాళ్లకు మాత్రం విశ్రాంతి తక్కువే. 24 నుంచి విజయ్ హజారే ట్రోఫీ. ఈసారి ఆడాల్సింది రాజ్‌కోట్‌లో.