పేరు చిక్కితే చిట్టా అంతా చిక్కినట్టే

స్టాంపు సుంకం ఎగవేతను పట్టుకోవాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1986లో స్టాంపు చట్టంలోని 73వ సెక్షన్‌ను సవరించింది. కలెక్టర్ గానీ, ఆయన అధికారమిచ్చిన ఏ వ్యక్తి గానీ బ్యాంకులోకి వెళ్లి ఖాతాదారుల పత్రాలు తిరగేయవచ్చు, స్వాధీనం చేసుకోవచ్చు. కెనరా బ్యాంకు కోర్టుకెళ్లింది. హైకోర్టు సవరణను కొట్టేసింది. హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్ అప్పీలుకు వెళ్తే, సుప్రీంకోర్టు 2004 నవంబరులో ఆ తీర్పునే నిలబెట్టింది. పత్రాన్ని బ్యాంకు చేతికిచ్చినంత మాత్రాన దాని మీద మనిషికున్న గోప్యత హక్కు పోదని తేల్చింది. 1976లో మిల్లర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇందుకు విరుద్ధంగా చెప్పింది. ఆ వాదన మన న్యాయమూర్తుల ముందుకూ వచ్చింది, వారు దాన్ని ఒప్పుకోలేదు.

క్రిప్టో బదిలీల మీద ఇవాళ సాగుతున్న నిఘాకు మన గడ్డ మీద పుట్టిన ఈ తీర్పే గీటురాయి కావాలి.

2023 మార్చి 7న కేంద్ర ఆర్థిక శాఖ ఒక నోటిఫికేషన్‌తో క్రిప్టో ఎక్స్ఛేంజీలను మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందికి తెచ్చింది. అవి ఆర్థిక నిఘా విభాగం (ఎఫ్‌ఐయూ) దగ్గర నమోదు కావాలి. రికార్డులు ఐదేళ్లు దాచాలి. అనుమానం కలిగిన లావాదేవీలను నివేదించాలి, ఆ సంగతి ఖాతాదారుకు తెలియనివ్వకూడదు. వీటితోపాటు ఎఫ్‌ఐయూ మార్గదర్శకాల్లో వచ్చింది ట్రావెల్ రూల్. ఒక ఎక్స్ఛేంజీ నుంచి మరోదానికి క్రిప్టో వెళ్లినప్పుడల్లా పంపినవారి పేరు, గుర్తింపు వివరాలు, వాలెట్ చిరునామా, అందుకునేవారి పేరు, వారి వాలెట్ చిరునామా కూడా వెంట వెళ్లాలి. అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఏటీఎఫ్ 2019లో ఈ నిబంధనను క్రిప్టోకు వర్తింపజేసినప్పుడు వెయ్యి డాలర్ల లోపు బదిలీలకు కొంత వెసులుబాటు ఇచ్చుకోవచ్చంది. మన దేశం ఆ వెసులుబాటు తీసుకోలేదు. వంద రూపాయల బదిలీకైనా వివరాలు వెళ్లాల్సిందే.

బ్యాంకులకు ఉన్నదే కదా, క్రిప్టోకు వస్తే తప్పేమిటని అధికారులు అడుగుతారు. అసలు తేడా అక్కడే ఉంది. ఒక బ్యాంకు బదిలీ వివరం బయటపడితే తెలిసేది ఆ ఒక్క బదిలీయే. బిట్‌కాయిన్, ఎథీరియంలలో మొదటి రోజు నుంచి జరిగిన ప్రతి బదిలీ ఎవరైనా చూడగలిగే చిట్టాలో ఉంటుంది. పేరు మాత్రం చెరిపేసి పాస్‌బుక్కును రచ్చబండ దగ్గర గోడకు అంటించినట్టన్నమాట. గోప్యతంతా ఆ చెరిపేసిన పేరులోనే ఉంది. వాలెట్ చిరునామాకు ఒక్కసారి పేరు జతపడితే దాని ద్వారా గతంలో ఎవరికి ఎంత ఇచ్చారో, ఇప్పుడెంత ఉందో, రేపు ఎక్కడికి వెళ్తుందో అన్నీ తెలిసిపోతాయి. రష్యా దాడి తర్వాత ఉక్రెయిన్‌కు విరాళం పంపడానికి ఎథీరియం సృష్టికర్త విటాలిక్ బుటెరిన్ బదిలీల జాడను మరుగుపరిచే టోర్నడో క్యాష్ అనే సాధనం వాడారు. అందుకున్నవారికి ముప్పు రాకూడదన్నదే తన ఉద్దేశమని 2022లో బాహాటంగా చెప్పారు. దాచుకోవాలనుకునేవారంతా దొంగలు కాదు.

పోనీ, సేకరించిన వివరాలైనా భద్రంగా ఉంటున్నాయా? హార్డ్‌వేర్ వాలెట్లు తయారుచేసే లెడ్జర్ కంపెనీ నుంచి 2020లో కస్టమర్ల సమాచారం పోయింది. సుమారు 2,72,000 మంది పేర్లు, ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు ఆ డిసెంబరులో ఇంటర్నెట్‌కెక్కాయి. ఆ జాబితాలోని వారికి బెదిరింపు మెయిళ్లు వచ్చాయి. 2025 మేలో క్రిప్టో ఎక్స్ఛేంజీ కాయిన్‌బేస్ తన గుట్టు తానే విప్పింది: విదేశాల్లోని కస్టమర్ సపోర్టు సిబ్బందిలో కొందరు లంచం పుచ్చుకుని ఖాతాదారుల చిరునామాలు, గుర్తింపు పత్రాల చిత్రాలు, నిల్వల వివరాలు అమ్ముకున్నారు. ఆ వివరాలు చేజిక్కించుకున్న దుండగులు కంపెనీని 2 కోట్ల డాలర్లు అడిగారు. ఎవరి దగ్గర ఎంతుందో, వారి ఇల్లెక్కడో ఒకేచోట పోగేస్తే దాని మీద దొంగల కన్ను పడక మానదు. ట్రావెల్ రూల్ ఆ పోగును ఒక్కో సంస్థ దగ్గరా పెంచుతోంది.

నేరాలు చిన్నవని నేననడం లేదు. డిజిటల్ అరెస్టు పేరుతో జీవితకాలపు పొదుపు పోగొట్టుకున్న రిటైరైన ఉద్యోగులు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. ఆ సొమ్ము ఇతరుల పేరిట ఉన్న మ్యూల్ ఖాతాల మీదుగా యూఎస్‌డీటీ అనే క్రిప్టోగా మారి దేశం దాటుతోంది. పోలీసులు దాని జాడ పట్టాలి. అయితే అక్కడ ఫిర్యాదు ఉంటుంది, అనుమానితుడు ఉంటాడు, ఉత్తర్వు తెచ్చుకునే వీలూ ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో బైబిట్ ఎక్స్ఛేంజీ నుంచి దాదాపు 150 కోట్ల డాలర్లు పోయినప్పుడు అది ఉత్తర కొరియా హ్యాకర్ల పనేనని ఎఫ్‌బీఐ ప్రకటించి, వారి వాలెట్ చిరునామాలను బయటపెట్టింది. చిట్టా బహిరంగంగా ఉండబట్టే ఆ సొమ్ము వెంటపడటం సాధ్యమైంది. పేరు అవసరమయ్యేది అనుమానిత చిరునామా దగ్గరే. పైగా ఎక్స్ఛేంజీ లేకుండా ఒక సొంత వాలెట్ నుంచి మరో సొంత వాలెట్‌కు పోయే సొమ్ము ట్రావెల్ రూల్‌కు అందదు. ముదిరిన మోసగాళ్లు ఆ దారినే పోతారు. పాన్ ఇచ్చి, 30 శాతం పన్ను, 1 శాతం టీడీఎస్ కట్టే మామూలు మనిషే వలలో మిగులుతాడు.

బ్యాంకు ఖాతాకు ఆధార్ తప్పనిసరన్న నిబంధన కూడా ఈ మనీలాండరింగ్ చట్టం కింద వచ్చిందే. నల్లధనం పేరు చెప్పి దేశంలో ప్రతి ఒక్కరినీ అనుమానితుడిగా చూడటం చెల్లదంటూ 2018లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. క్రిప్టో నిబంధనలు ఆ తీర్పు ముందు నిలుస్తాయో లేదో ఇంకా పరీక్షించాల్సే ఉంది. పరీక్ష తేలికేమీ కాదు. 2022లో ఇదే చట్టం కింద ఈడీకున్న విస్తృత అధికారాలను కోర్టు సమర్థించింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమేమో ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే వీలు ఉంచింది.

కాబట్టి గోప్యతకు రక్షణ కల్పించే పని పార్లమెంటు చేయాలి, ఎఫ్‌ఐయూ మార్గదర్శకాలతో సరిపెట్టకూడదు. చిన్న బదిలీలకు మినహాయింపు కావాలి. పెద్ద బదిలీల్లోనూ పేరు పంపిన ఎక్స్ఛేంజీ దగ్గరే ఉండాలి, న్యాయాధికారి ఉత్తర్వు మీదే బయటికి రావాలి. ఐదేళ్లు దాటిన రికార్డును చెరిపేయడం తప్పనిసరి చేయాలి. దర్యాప్తు ముగిశాక, తన వివరాలు ఎవరు చూశారో ఖాతాదారుకు చెప్పాలి. క్రిప్టో ఖాతాల సమాచారాన్ని విదేశీ పన్ను శాఖలతో ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటులోనూ మన దేశం చేరుతోంది. ఒకసారి సరిహద్దు దాటిన వివరాన్ని ఇక్కడి ఏ కోర్టూ వెనక్కి రప్పించలేదు గనుక, ఈ రక్షణలు అంతకుముందే చట్టంలోకి ఎక్కాలి.