వ్యాధియా? వేషమా?

కాలు తెగిన సైనికుని నెవరును శంకింపరు. తలలోని గాయము కంటికి గానరాదు. జ్ఞాపకము తప్పినదనియు, మనస్సు నిలువదనియు నతడు మొరపెట్టుకొన్నచో నమ్మవలయునా, శంకింపవలయునా? అమెరికా సేనలో 2000 సంవత్సరము మొదలుకొని నాలుగు లక్షలకు పైగా సైనికులు మెదడు గాయమునకు లోనైనట్లు నిర్ణయింపబడిరి. అందత్యధికులవి స్వల్పగాయములు, స్కానులలో తరచుగా బయటపడవు. కావున మనశ్శాస్త్ర పరీక్షలకు ప్రాముఖ్యము గలిగినది. అయితే ఆ ఫలితములు పరీక్షింపబడువాని ప్రయత్నమును బట్టి యుండును. భరణము దానిపై నాధారపడినప్పుడు కొందరు బాధను పెంచి చెప్పుట వింత గాదు.

దీనిని కనుగొనుటకు శాస్త్రజ్ఞు లొక యుపాయము పన్నిరి. 50 బొమ్మలను చూపి, పిమ్మట నొక్కొక్కదానిని క్రొత్తబొమ్మతో జతపరచి, మునుపు చూచిన దేది యని యడుగుదురు. ఇది కఠినముగా దోచును గాని, మెదడు నిజముగా దెబ్బతిన్నవారిలో సైతము పలువురు దీనిని నెగ్గుదురు. కన్నులు మూసికొని చెప్పినను సుమారు 25 సరిపడవలెను. 15గాని, అంతకు తక్కువగాని సరిపడుట యాదృచ్ఛికముగా జరుగుటకు రెండువందలలో నొకపాలైనను అవకాశము లేదు. అట్టివాడు సరియైన దెరిగియే తప్పు చెప్పెనని యూహింపవలసియుండును.

కాని యట్టి ఫలితము లరుదు. తప్పినవారిలో పెక్కుమంది 25కు పైన, నిర్ణీతసంఖ్యకు క్రింద నిలుతురు. వీరినెల్ల వంచకులనుట అన్యాయము. పరీక్ష ప్రయత్నలోపమును జూపును గాని దాని కారణమును జూపదు. నిద్రలేమి, నొప్పి, విషాదము, తన మాట నెవరును నమ్మరను నిరాశ—ఇవియు నతనిని క్రుంగదీయవచ్చును.

అట్లని యీ పరీక్షలే సైనికుల కవమానమనువారితోను మేమేకీభవింపము. నమ్మదగని ఫలితమును నమ్మినచో నిద్రలేమి గలవానికి మెదడు చెడినదని ముద్రపడును. నిజముగా గాయపడినవాని మొరకు విలువ తగ్గును.

శంక హద్దుమీరిన నేమగునో చరిత్ర చెప్పుచున్నది. 1914-18 యుద్ధమున పలాయనము, పిరికితనము మున్నగు నేరములు మోపి బ్రిటిషు సైన్యము కాల్చివేసిన 306 మందికి 2006లో క్షమాభిక్ష యొసగబడినది. వారిలో యుద్ధభీతిచే మనస్సు చెదరినవారు నుండిరి. తొంబదియేండ్ల పిదప వచ్చిన క్షమ మృతుల కేమి యుపకరించును?

కావున ఒక్క పరీక్షతో తీర్పు చెప్పరాదు. పలు పరీక్షలను, పూర్వవృత్తాంతమును, నిత్యజీవనమును సరిపోల్చి చూడవలెను. మనసార ప్రయత్నింపుమని సైనికునకు ముందుగనే తెలుపవలెను. సంఖ్య సాక్షి మాత్రమే, న్యాయాధిపతి గాదు.