బాల్టిమోర్ దరువు ఎవరిది?

ఒక ఊరిని బద్నాం చేయడానికి పెద్ద కుట్రలేం అక్కర్లేదు. ఆ ఊరి కష్టాన్ని మాత్రమే పదే పదే చూపిస్తే చాలు. అమెరికాలో బాల్టిమోర్ నగరానికి జరిగింది ఇదే. మేరీలాండ్ రాష్ట్రంలోని ఈ రేవు పట్టణంలో పది మందిలో ఆరుగురు నల్లజాతివాళ్ళు. వాళ్ళు ఏ వీధిలో ఉండాలో, ఏ వీధిలో కాలు పెట్టకూడదో చెబుతూ 1910లోనే చట్టం చేసిన నగరమిది. అమెరికాలో అట్లాంటి నగర చట్టాల్లో ఇదే మొదటిది. 1917లో సుప్రీంకోర్టు అట్లాంటి చట్టాలు చెల్లవన్నది. కాగితం మీది గీత పోయింది, వాడల నడుమ గీత మాత్రం పోలేదు.

ఇంత చరిత్ర ఉన్న ఊరిని ప్రపంచం ఎట్ల తెలుసుకున్నది? 2002 నుంచి 2008 దాకా హెచ్‌బీవో చానల్‌లో వచ్చిన ‘ద వైర్’ సీరియల్ చూసి. మంచి సీరియలే. అబద్ధం చెప్పిందని ఎవరూ అనలేరు. కానీ మత్తుమందు, తుపాకీ, పోలీసు, శవం ఇవే కళ్ళల్ల నిలిచిపోయినయి. ఇన్ని బాధల నడుమ ఈ పిల్లలు శనివారం రాత్రి ఏం చేస్తారు అన్న ప్రశ్న చూసినవాళ్ళలో చాలామందికి రానేలేదు.

వాళ్ళు ఆడతారు. ఒళ్ళు విరుచుకొని, చెప్పులు అరిగేదాకా ఆడతారు. ఆ ఆటకు కొట్టే దరువు పేరు బాల్టిమోర్ క్లబ్. మన దగ్గర పబ్బు, క్లబ్బు అంటే కార్లల్ల దిగే పెద్దింటి పిల్లలే యాదికొస్తారు. అక్కడి సంగతి వేరు. 1980ల చివర, 1990ల మొదట్లో నల్లవాడల డీజేలు చేతికి దొరికిన రికార్డులను ముక్కలు చేసి ఈ దరువును అల్లిండ్రు. నిమిషానికి దాదాపు 130 దెబ్బలు. లిన్ కాలిన్స్ 1972లో పాడిన ఒక పాటలోని డ్రమ్ము ముక్కను పట్టుకొని తిప్పి తిప్పి కొడతారు. దాని మీద ఒకటే మాట, ఒకటే కేక మళ్ళీ మళ్ళీ. స్కాటీ బీ, షాన్ సీజర్ కలిసి అన్‌రూలీ రికార్డ్స్ నడిపిండ్రు. మిస్ టోనీ మైకు పట్టిండు. రాడ్ లీ, డీజే టెక్నిక్స్ లాంటివాళ్ళు ఒక తరాన్ని ఆడించిండ్రు. పెద్ద కంపెనీలు పట్టించుకోకున్నా ఊరు ఊరంతా ఆడింది.

ఈ దరువులోకి ఫ్లోరిడా నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పేరు టెడ్రా విల్సన్. లోకానికి ఆమె ‘టీటీ ద ఆర్టిస్ట్’. బాల్టిమోర్‌లోని మేరీలాండ్ ఇన్‌స్టిట్యూట్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో బొమ్మల చదువు చదవడానికి వచ్చింది. ఊరి దరువు పట్టుకున్నది. ర్యాపర్ అయింది.

ఇది చెప్పినంత తేలిక కాదు. క్లబ్ పాటలో గొంతు అంటే ఒక చిన్న ముక్క, డీజే కోసి అతికించే సరుకు. పేరు డీజేది, గొంతు ఎవరిదో ఎవరికీ పట్టదు. అట్లాంటి చోట ఒక స్త్రీ నిలబడి మొత్తం చరణాలు రాసి పాడటం, నా పేరుతోనే పాట రావాలనడం చిన్న తగాదా ఏమీ కాదు. ఆమెకంటే ముందు ఈ తొవ్వ వేసింది కే-స్విఫ్ట్. 92 క్యూ రేడియోలో డీజేగా ఊరి దరువును ఇంటింటికీ చేర్చిన ఆ యువతిని జనం ‘క్లబ్ క్వీన్’ అన్నరు. 2008 జులైలో ఈతకొలను ప్రమాదంలో 29 ఏళ్ళకే చనిపోయింది. ఊరు ఊరంతా ఏడ్చింది. టీటీ తర్వాత పెట్టిన సొంత సంస్థ పేరు చూడండి: క్లబ్ క్వీన్ రికార్డ్స్.

మరి ఈ దరువు ఊరు దాటలేదా? దాటింది. పేరే దాటలేదు. 1990ల చివర్లో డీజే టమీల్ లాంటివాళ్ళు బాల్టిమోర్ రికార్డులను న్యూజెర్సీలోని న్యూఆర్క్‌కు తీసుకుపోయిండ్రు. అక్కడ అది జెర్సీ క్లబ్ అయి సొంతంగా ఎదిగింది. ఆ పిల్లలను తప్పుపట్టలేం. వాళ్ళూ అదే బతుకు బతికే నల్లవాడల పిల్లలు. 2000ల్లో డిప్లో లాంటి తెల్ల డీజేలు ఫిలడెల్ఫియా పార్టీలకు ఈ దరువును పట్టుకుపోయిండ్రు. 2022లో డ్రేక్ తన ‘ఆనెస్ట్‌లీ, నెవర్‌మైండ్’ ఆల్బంలో ఈ దెబ్బలే కొడితే ప్రపంచమంతా కొత్త సంగతి అనుకున్నది. ముప్పై ఏళ్ళ కిందటి కొత్త!

ఇక్కడ ఒక పేచీ ఉన్నది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. బాల్టిమోర్ డీజేలు మాత్రం లిన్ కాలిన్స్‌ను అడిగి ఆ ముక్క తీసుకున్నరా అని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిందే. కానీ రికార్డు కోసి గల్లీలో ఆడించుకున్నవాడినీ, ఆ గల్లీ పేరు లేకుండా కోట్లకు అమ్ముకున్నవాడినీ ఒకే గాటన కట్టలేం.

టీటీ కూడా బయటినుంచి వచ్చిందే కదా అనే ప్రశ్న ఇంకోటి. నిజమే. డిప్లోతో కలిసి 2014లో పాట చేసింది కూడా. అయితే ఆమె సరుకు మూటగట్టుకొని పోలేదు. కెమెరా పట్టుకొని ఆ గల్లీలకే పోయింది.

2015 ఏప్రిల్‌లో ఫ్రెడ్డీ గ్రే అనే పాతికేళ్ళ నల్లజాతి యువకుడు పోలీసుల అదుపులో వెన్నెముక దెబ్బతిని చనిపోయిండు. ఊరు భగ్గుమన్నది. దేశంలోని చానళ్ళన్నీ దిగినయి. మంటలు చూపించినయి, మంటలు ఆరినంక వెళ్ళిపోయినయి. ఆ ఏడాది నగరంలో 344 హత్యలు జరిగినయి. ఆ లెక్క అందరికీ ఎరుకే.

టీటీ తీసిన ‘డార్క్ సిటీ బినీత్ ద బీట్’ డాక్యుమెంటరీ ఈ లెక్కను దాచలేదు. పేరులోనే చీకటి ఉన్నది. కానీ ఆమె కెమెరా శవం దగ్గర ఆగదు, ఆడే కాలు దగ్గర ఆగుతుంది. గంటకు కాస్త ఎక్కువ నిడివి. డీజేలు, నృత్యం చేసే పిల్లలు వాళ్ళ కథ వాళ్ళే చెబుతారు. సగం డాక్యుమెంటరీ, సగం పాట, రెండూ కలిసి ఒక జాతర. పండితులు గొంతు సవరించుకొని వివరించే రకం సినిమా కాదిది. సంగీతం కూడా ఆ ఊరి కళాకారులదే. అంటే తెర మీద ఆడేది వాళ్ళే, దరువు కొట్టేది వాళ్ళే.

ఈ సినిమాకూ అదృష్టం కలిసిరాలేదు. 2020లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో సౌత్ బై సౌత్‌వెస్ట్ ఉత్సవంలో చూపించాల్సి ఉండె. కరోనాతో ఆ ఏడాది ఉత్సవమే రద్దయింది. నటి, రచయిత ఇస్సా రే నిర్మాతగా వెన్నుదన్నుగా నిలబడ్డది. ఆ తర్వాత నెట్‌ఫ్లిక్స్ ద్వారా దేశాలు దాటింది. ఇస్సా రేకు పేరు తెచ్చిన ‘ఇన్‌సెక్యూర్’ కూడా హెచ్‌బీవోదే. టీటీ పాటలు అందులోనూ వినిపించినయి. బాల్టిమోర్ చీకటిని లోకానికి చూపిన చానల్‌లోనే ఆ ఊరి దరువు మోగడం గమ్మతే.

అయినా ఒక్క సినిమాతో లెక్క తేలిపోతుందా? దరువు కనిపెట్టిన తరంలో మిస్ టోనీ 2003లోనే పోయిండు. కే-స్విఫ్ట్ పోయింది. ఆ పిల్లలు ఆడిన పారడాక్స్ క్లబ్ 2016లో మూతపడ్డది. బతికున్నవాళ్ళ పేర్లు వాళ్ళు బతికుండగానే తెర మీద పడాలె, వాళ్ళ దరువు ఎక్కడ మోగినా పైసలు వాళ్ళ గల్లీకి రావాలె. టీటీ మొదటి పని చేసింది. రెండోది ఆ పెద్ద కంపెనీల వద్ద ఇంకా బాకీ ఉన్నది.